నాలుగో డబ్బా

చోడవరం నుంచి గోవాడ వెళ్లే రోడ్డు మీద బస్సు దిగి, రెండు చెరకు మడులు దాటితే, ఇల్లూ పశువుల సాలా కలిసి ఉన్న బంగార్రాజు కళ్లం వస్తుంది. దారి ఎవరినీ అడగక్కర్లేదు. రోడ్డు మీద కాసేపు నిలబడితే అతని గొంతే వినిపిస్తుంది. మనిషి చెడ్డవాడు కాదు. మెల్లగా మాట్లాడటం అనేది ఒకటుందని చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు, పెద్దయ్యాక నేర్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎద్దును అదిలించినా, దేవుడికి దండం పెట్టుకున్నా, మంచినీళ్లడిగినా ఒకటే గొంతు.

అతని భార్య సన్యాసమ్మ మాట మాత్రం ముప్పై ఏళ్ల కాపురంలో గుమ్మం దాటింది లేదు. ఇద్దరి వంతూ మొగుడే మాట్లాడేస్తుంటే ఆమెకు అవసరం పడలేదని పక్కింటి నూకరత్నం అనేది.

ఆ కళ్లంలో నలుగురూ వచ్చి చూసిపోయే వింత ఒకటుండేది. దూడల దడి.

అంతకుముందు దూడలకు జావ పొయ్యడమంటే కుస్తీ పట్టడమే. ఎన్ని దూడలుంటే అన్నీ ఒక్కసారి గోలెం మీద పడేవి. బలమైనది తాగేది, బక్కది మూతి నాకేది, సగం నేలపాలయ్యేది. ఆ ఏడు దసరా వెళ్లిన మర్నాడు ఒక గిత్తదూడ సన్యాసమ్మను పొట్టలో పొడిచి రాతి మీద పడేసింది. మణికట్టు వాచిపోయి, పదిహేను రోజులు ఎడంచేత్తో అన్నం తింది. బంగార్రాజు చూశాడు. "ఒళ్లు దగ్గరెట్టుకుని పొయ్యాల" అని సలహా ఇచ్చి పొలానికి పోయాడు.

పుష్యమాసంలో బెల్లం వండే పని మీద అతను ఇరవై రోజులు పొలంలోనే పాక వేసుకుని ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి కళ్లంలో వెదురు దడి ఒకటి లేచి ఉంది. దానికి దూడ తల పట్టేంత సందులు నాలుగు. సందుకి రెండేసి నిలువు కర్రలు. ఒకటి కదలదు, రెండోది కింద మేకు మీద తిరుగుతుంది. దూడ తల దూర్చాక ఆ కర్రను దగ్గరికి లాగి పైన తాడు ఉచ్చు వేస్తే, తాగడం అయ్యేదాకా తల వెనక్కి రాదు, పక్కదాని డబ్బాలోకీ పోదు. అవతల వైపు సగానికి కోసిన కిరసనాయిలు డబ్బాలు నాలుగు. వక్కపలుకు నమిలేంతలో నాలుగు దూడలూ తాగేసేవి. చుక్క కింద పడేది కాదు.

"ఎవులు సేసేరే ఇది?" అన్నాడు బంగార్రాజు.

"వడ్డాది నుంచి వడ్రంగి వచ్చేడు" అంది సన్యాసమ్మ, గోలెం వైపు తిరిగి.

ఆమెకు అబద్ధమాడటం వచ్చునని అతనికి తెలియదు కనుక నమ్మేశాడు. చూడటానికి వచ్చినవాళ్లతో పది రోజులపాటు "వడ్డాది వడ్రంగి పని" అన్నాడు. నెల తిరిగేసరికి అది "మా ఇంట్ల ఆలోసన" అయింది. ఫాల్గుణం వచ్చేసరికి "నా బుర్రలో పుట్టిందిరా" అనేదాకా వచ్చింది. సన్యాసమ్మ ఒక్కసారి కూడా కాదనలేదు.

ఆ ఇంట్లో ఎత్తకూడని మాట ఒకటుంది. అది కూతురి పేరు. నాకైతే ఒట్టూ లేదు గట్టూ లేదు కాబట్టి నేను చెప్పేస్తాను: రాజ్యం. రెండేళ్ల కిందట ఆ పిల్ల దేవరాపల్లిలో పశువులకు మందులిచ్చే కాంపౌండరు కృపారావును ఇష్టపడి, వాళ్ల ప్రార్థన మందిరంలో పెళ్లి చేసుకుంది. వాళ్లది ఏసుప్రభువును నమ్ముకున్న ఇల్లు. కబురు తెలిసిన రోజున బంగార్రాజు కళ్లం మధ్యన నిలబడి, భార్య చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"దాని పేరు ఈ కళ్లంలో నీ నోట వచ్చిందా, నా మీద ఒట్టే. నా శవాన్ని సూస్తావు."

రెండు చెరకు మడుల అవతల రోడ్డు మీద వెళ్లే బండివాళ్లకు కూడా వినిపించింది. సన్యాసమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ పేరు ఆమె నోట ఎవరూ వినలేదు.

మార్గశిరంలో తెల్లావు ఈనింది. మూడు వారాలకు దాని గొంతు వాచింది. దేవరాపల్లికి కబురు పెడితే కాంపౌండరు సూది మందు తెస్తాడని నూకరత్నం చెప్పింది. "నా ఆవు సస్తే సావనీ" అన్నాడు బంగార్రాజు. ఆవు చచ్చిపోయింది. దాని పెయ్యను సన్యాసమ్మ వేలు చీకించి, పాలలో వేలు ముంచి, ఆ తర్వాత జావకు మప్పి, ఎలాగో బతికించుకుంది. ఒంటి మీద చెయ్యేస్తే ఎముకలు లెక్కపెట్టవచ్చు. నాలుగో డబ్బా దానిదే.

ఫాల్గుణంలో కొడుకు పరదేశి వచ్చాడు. అతనికి విశాఖపట్నంలో ఓడలు కట్టేచోట పని. తల్లి చెంబు అనుకుని గాల్లో చెయ్యి పెట్టడం చూసి, కళ్లకు పొర కమ్మిందని పట్టుకుని, పెద్దాసుపత్రిలో ఆపరేషనుకి మాట్లాడేశాడు. పన్నెండు రోజులు అక్కడే ఉండాలన్నారు.

బస్సు దగ్గర సన్యాసమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఇదిగో, ఆ దూడల సంగతి ఒకపాలి ఇను. ఒక్కోదాన్ని పిలిసే తీరొకటుంది."

"జావ పోసీడానికీ పాఠాలేటే? ముప్పై ఏళ్ల నుంచి యవసాయం సేస్తన్నోణ్ని. అంత సులువుగా దడి కట్టుకున్నాం గదా, ఇంకేటి?"

"ఆఖరిది బెదురుగొడ్డు. దానికి..."

"నువ్వెక్కు ముందు."

ఆమె ఎక్కింది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, మొగుడు నిలబడ్డ చోటికి కొంచెం పక్కగా చూస్తూ, ఎన్నడూ లేనంత గట్టిగా చెప్పింది.

"నాను వచ్చీసరికి నాలుగూ ఉండాల."

ఆ సాయంత్రం బంగార్రాజు జావ బిందె ఎత్తుకుని దడి దగ్గరికి వెళ్లాడు. దూడల కట్లు విప్పాడు. తర్వాత జరిగింది చెప్పుకోవడానికి అతనికే మొహం చెల్లలేదు. మూడు దూడలు ఒక్కసారి అతని మీదకు వచ్చాయి. గిత్తదూడ మోకాలి వెనక పొడిచింది. గేదెపెయ్య బిందెలో తల పెట్టేసింది. మూడోది ఎటో చెరకులోకి పోయింది. నూకల జావ, తెలగపిండి, అందులో కలిపిన బెల్లం ముక్కతో సహా అతని పంచె మీదా నేల మీదా సమానంగా పడింది. మళ్లీ పొయ్యి అంటించి, మళ్లీ జావ కాచి, చెరకులోంచి దూడను లాక్కొచ్చి, మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి మెడలు వంచి సందుల్లో దూర్చేసరికి చీకటి పడింది. రోజుకి రెండు సార్లు ఈ పనా అని నెత్తి కొట్టుకున్నాడు. ఇంత సులువైన దడి పెట్టుకుని కూడా ఇలా ఉంటే, దడి లేనప్పుడు ఎలా ఉండేదో అనుకున్నాడు. ఆ ఆలోచన రావడానికి అతనికి ముప్పై ఏళ్లు పట్టింది.

నాలుగోది మాత్రం కదల్లేదు. గోడ వారన నిలబడి చూస్తూ ఉండిపోయింది. దాని డబ్బా నింపి, "రా, రా, రావేం" అని పిలిచాడు. అది గోడకు ఇంకా అతుక్కుపోయింది. డబ్బా తీసుకెళ్లి మూతి కింద పెడితే తల పక్కకు తిప్పేసుకుంది. పట్టి లాక్కొచ్చి సందులో దూర్చబోతే ముందుకాళ్లు నేలకు పాతేసి వణికింది. నాలుగో సందు మేకు వంకరగా ఉందనీ, కర్ర వదులుగా ఆడుతోందనీ అప్పుడే చూశాడు. కోపం పోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా, వడ్డాది వడ్రంగిని తనివితీరా తిట్టాడు.

రెండో రోజు కూడా అది తాగలేదు. బంగార్రాజు తనకు తెలిసిన పిలుపులన్నీ పిలిచాడు. బుజ్జగించాడు, బెదిరించాడు, బతిమాలాడు. అన్నీ అదే గొంతుతో. రోడ్డు మీద ఎవరో ఆగి, "బంగార్రాజు ఇంట్ల ఏటైనా గొడవేటి?" అని అడిగారట.

మూడో రోజు పొద్దున్న వెదురు గొట్టంతో గొంతులో పోశాడు. అది పొలమారి, దగ్గి, ముక్కులోంచి జావ కార్చి, కాళ్లు మడిచి కూలబడింది. కళ్లు లోపలికి పోయాయి. చెవులు చల్లగా ఉన్నాయి. బంగార్రాజు దాని పక్కన చతికిలబడ్డాడు. బస్సు కిటికీలోంచి వచ్చిన మాట చెవిలో మోగుతూనే ఉంది. ముప్పై ఏళ్లలో ఆమె అతన్ని అడిగింది అదొక్కటే. తల్లి ఆవును తన మొండితనంతో చంపుకున్నాడు, ఇప్పుడు దాని పిల్లను కూడా చంపుకుంటున్నాడు. ఇక నామోషీ పడి లాభం లేదని లేచి పక్కింటికి వెళ్లాడు.

నూకరత్నం అతనికి వరసకు మరదలు. మొగుడు పోయి, ఒక్కతే ఉంటుంది. బంగార్రాజుకు ఎదురు మాట్లాడే మనిషి చుట్టుపక్కల ఈమె ఒక్కతే.

"పెయ్య సచ్చిపోతాదేటే నూకరత్నం. మీ అక్క ఎలాగ పోస్తాదో నువ్వు సూసేవు గదా. సెప్పు."

నూకరత్నం కొంగు బిగించుకుని అతని వెంట వచ్చింది. దడిని చూసింది, అతన్ని చూసింది.

"పేరెట్టి పిలవాల బావా. పేరు పిలిస్తేనే రావాల. పిలవకుండా వచ్చిందనుకో, ముక్కు మీద వేపరెమ్మతో చిన్న దెబ్బ. అలాగ మప్పింది అక్క. అందుకే ఒకదాని మీద ఒకటి పడవు."

"అంత కర్మేటి? ఏది వచ్చిందో, ఏది రాలేదో కళ్లతో సూసుకోవచ్చు గదా."

"కళ్లెక్కడున్నాయి బావా? దూడేదో గోడేదో తెలీక రెండేళ్లయింది. పిలిస్తే వచ్చింది ఫలానాదని లెక్క పెట్టుకునేది. నీకు సెప్పలేదేటి?"

 బంగార్రాజు కంచంలో అన్నం వడ్డించిన మనిషి, తన పంచె మీద మరకలు ఉతికిన మనిషి, రెండేళ్లుగా తడుముకుంటూ తిరిగింది. తను చూడలేదు. రెండేళ్లు అన్న మాట అతని మనసులో ఎక్కడో తగిలింది గాని, దాని మీద చెయ్యి పెట్టడానికి భయమేసింది.

"పేర్లేటో సెప్పు" అన్నాడు.

"మొదటిది ఆ గేదెపెయ్య. దాన్ని 'అత్తా' అని పిలుస్తాది."

"అత్తేటి?"

"మీ అమ్మ అచ్చియ్యమ్మత్తే. అది తన డబ్బా తాగీసి పక్కదాంట్లో ఏటుందో అని సూస్తాది గదా." నూకరత్నం నవ్వు కనిపించకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. "కోడలు అత్త పేరు ఎత్తకూడదు గదా. అందుకే 'అత్తా' అంటాది."

చచ్చి స్వర్గాన ఉన్న తన తల్లి ఇక్కడ కళ్లంలో తెలగపిండి తింటోందని బంగార్రాజుకు ఇప్పుడే తెలిసింది. దెబ్బ తిన్నవాడిలా గేదెపెయ్య వంక చూశాడు. అది పక్క డబ్బాలోకి చూస్తోంది.

"మరి గిత్తదూడ?"

"'ఏవయ్యో, ఇదిగో' అని పిలుస్తాది."

బంగార్రాజుకు చెవులు వేడెక్కాయి. పొద్దున్నే పొలానికి వెళ్లబోతూ చెప్పులు తొడుక్కుంటుంటే కళ్లంలోంచి "ఏవయ్యో, ఇదిగో" అని వినిపించేది. "ఏటే?" అని అరిచేవాడు. జవాబుండేది కాదు. ఈ ఆడదాని మాటకు తలాతోకా లేదని విసుక్కుని పోయేవాడు. రెండు నెలలుగా తను గిత్తదూడ తరఫున పలుకుతున్నాడన్న మాట.

"నా పేరే ఎట్టొచ్చు గదా" అన్నాడు, ఏమనాలో తెలియక.

"ఆడది మొగుడి పేరు ఎత్తుద్దా బావా? అదీ నీలాగే ఎవుల్ని పడితే ఆళ్లని పొడుస్తాది. మూడోది పరదేశి. ఎప్పుడూ బయటికే పోతాది."

మొదటిది అత్త, రెండోది మొగుడు, మూడోది కొడుకు. ఇంటిల్లిపాదినీ దడి దగ్గర వరసగా నిలబెట్టుకుని, కళ్లు కనపడని మనిషి పూటపూటా అందరికీ కడుపునిండా పోసింది. "నాలుగోది?" అని అడగడానికి నోరు తెరిచిన బంగార్రాజు మధ్యలో ఆగిపోయాడు. అడగక్కర్లేదు. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు కనుక.

నూకరత్నం మొహంలో నవ్వు పోయింది.

"దానికీ పేరుంది బావా. ఎత్తదు."

"ఎత్తకుండా..." అతని గొంతు మొదటిసారి తగ్గింది. "ఎత్తకపోతే ఎలాగొస్తాది?"

"మూడింటినీ పిలిసీసి, నాలుగో డబ్బా కాడికొచ్చి అలా నిలబడిపోతాది అక్క. నోరిప్పదు. మనసులో అనుకుంటాది కామోసు. కాసేపటికి అదే వచ్చి తల దూరుస్తాది. దానికి అదే పిలుపు. నువ్వు మూడు రోజుల్నుంచి అరుస్తానే ఉన్నావు, అదెలాగొస్తాది? నీ ఒట్టు నీ పెళ్లాం ఒక్క పూట తప్పలేదు బావా. నువ్వు బతకాల గదా."

బంగార్రాజు నోట మాట పోయింది. ఊరికే అనే మాట కాదు, నిజంగానే పోయింది. దడి పట్టుకుని నాలుగో డబ్బా ముందు నిలబడిపోయాడు.  తను నవ్వుతూ తుళ్లుతూ "నా బుర్రలో పుట్టింది" అని చెప్పుకుంటున్నన్నాళ్లూ ఆమె రోజుకి రెండు సార్లు సరిగ్గా ఇక్కడే నిలబడి, పైకి అనలేని పేరును లోపలే అనుకుంటూ ఉంది. మొగుడి ప్రాణం పోతుందేమోనని. ఆ మొగుడు తనే. అతనికి సిగ్గేసింది, భయమేసింది, తన మీద తనకే అసహ్యమేసింది.

 ఎప్పుడూ మోగుతూ ఉండే చోట ఒక్కసారి అంత నిశ్శబ్దం కావడంతో కాబోలు, కాకి కూడా అరవడం మానింది. గోడ వారన పెయ్య తల ఎత్తింది. ముందుకాళ్ల మీద తూలుతూ లేచింది. ఒక అడుగు వేసి ఆగింది, ఇంకో అడుగు వేసింది. వచ్చి, నాలుగో సందులో తల దూర్చి, డబ్బాలో మూతి పెట్టింది.

అది తాగుతున్న చప్పుడు వింటూ బంగార్రాజు వంగి, దాని చెవి దగ్గర, జీవితంలో ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా అన్నాడు.

"రాజ్యం."

పెయ్య చెవి కూడా కదల్లేదు. ఆ పేరు దానికి తెలియదు. ఎవరూ దానికి వినిపించలేదు. బంగార్రాజు దడికి తల ఆనించి ఏడ్చాడు. నూకరత్నం అటు తిరిగి, చేటలో లేని రాళ్లు ఏరినట్టు దడి మీది పుల్లలు ఏరుతూ నిలబడింది.

ఆ సాయంత్రం అతనికి ఇంకో దిగులు పట్టుకుంది. ఒట్టు పెట్టింది తను, తప్పిందీ తనే. ఇప్పుడు తన ప్రాణం పోతుందా? ఒట్టు పెట్టినవాడే తప్పితే ఏమవుతుందో ఎవరినైనా అడుగుదామంటే ఎవరిని అడుగుతాడు? పడుకోబోయే ముందు గుండె మీద చెయ్యేసి చూసుకున్నాడు. కొట్టుకుంటోంది. తెల్లారింది. బతికే ఉన్నాడు. ఇంత సులువుగా పోయే ఒట్టుకి రెండేళ్లు అందరూ భయపడ్డారా అని మళ్లీ నిర్ఘాంతపోయాడు.

ఆ రోజు నుంచి అతను పిలవడం నేర్చుకున్నాడు. మొదటి డబ్బా దగ్గర "అమ్మా" అన్నాడు. రెండో డబ్బా దగ్గర, నలుగురూ లేకుండా చూసుకుని, "ఒరే బంగార్రాజూ" అన్నాడు. గిత్తదూడ అనుమానంగా చూసింది గాని వచ్చింది. "పరదేశీ" అన్నాడు. నాలుగో డబ్బా దగ్గర నోరు మూసుకుని నిలబడేవాడు. పెయ్య వచ్చి తల దూర్చాక, తాగుతుండగా, చెవి దగ్గర పేరు చెప్పేవాడు. పూటకు పదిసార్లు చెప్పేవాడు. గట్టిగా చెబితే అది బెదిరి తల లాక్కునేది, అందుకని మెల్లగా చెప్పక తప్పేది కాదు. ఆ మెల్లన గొంతు కళ్లంలోంచి ఇంట్లోకి కూడా వచ్చింది. దేవుడికి దండం కూడా మెల్లగానే పెట్టుకున్నాడు. బంగార్రాజుకు జ్వరం తగిలిందని ఊళ్లో ఒకరిద్దరు అనుకున్నారు. పెయ్య పక్కటెముకల మీద కాస్త కండ పట్టింది. సన్యాసమ్మ వెళ్లిన తొమ్మిదో రోజు, పెయ్య రాకముందే పేరు పలికితే, అది విని గోడ దగ్గర్నుంచి నడిచి వచ్చింది.

పన్నెండో రోజు సాయంత్రం బస్సు రోడ్డు మీద ఆగిన చప్పుడు వినిపించింది. అప్పటికే అతని చేతిలో జావ బిందె ఉంది. ఎదురెళ్దామా అనుకుని, వద్దులే, వచ్చి చూడనీ అనుకున్నాడు. లోపల గర్వమూ ఉంది, వణుకూ ఉంది. వెనక అడుగుల చప్పుడు దగ్గరైంది. అతను తిరగలేదు.

"అమ్మా. ఒరే బంగార్రాజూ. పరదేశీ." నాలుగో డబ్బా దగ్గరికి వచ్చాడు. "రాజ్యం."

పెయ్య వచ్చి తల దూర్చింది. కర్ర లాగి ఉచ్చు వేసి, అప్పుడు వెనక్కి తిరిగాడు.

సన్యాసమ్మ కళ్ల మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. దాన్ని వేలితో పైకెత్తి, మొదట పెయ్యను చూసింది, తర్వాత మొగుణ్ని చూసింది. ఈసారి పక్కకు కాదు, సూటిగా. ఆమె మొహంలో రంగు లేదు. వచ్చి అతని గుండెల మీద చెయ్యి పెట్టింది.

"ఏటీ అవలేదే" అన్నాడు బంగార్రాజు. "తొమ్మిది రోజులయింది. ఒట్టు తీసి గట్టు మీద ఎట్టేసేను."

ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఒక్కదానివే వచ్చేవేటే? పరదేశి గుంటడేడి?"

"ఆడికి సెలవు దొరకలేదు."

"మరి ఆసుపత్రిలో పన్నెండు రోజులు నీ కాడ ఎవులున్నారు?"

సన్యాసమ్మ జవాబు చెప్పలేదు. పెదవులు బిగించి, అతని ఎదురుగా అలా నిలబడింది. బంగార్రాజు ఆ నిలబడటం చూశాడు. నాలుగో డబ్బా ముందు ఆమె ఎలా నిలబడేదో అతను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఆ మాట్లాడకపోవడం ఎవరి పేరో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. 

"ఎక్కడుంది?"

"రోడ్డు మీదే. ఇద్దరూ ఉన్నారు. కళ్లం దాకా రానంది. తను కనబడితే నా నోట పేరొచ్చీసి నీకేటైనా అవుద్దని."

బంగార్రాజు జావ చేతులతోనే నడిచాడు. రెండు చెరకు మడులు దాటాడు. కల్వర్టు మీద రేకుపెట్టె పెట్టుకుని రాజ్యం కూర్చుని ఉంది, పక్కన కృపారావు నిలబడి ఉన్నాడు. పిల్ల చిక్కిపోయింది. పన్నెండు రోజుల ఆసుపత్రి నిద్ర కళ్ల కింద నల్లగా ఉంది. పేరు పిలవాలి, అంతే. తొమ్మిది రోజులుగా పూటకు పదిసార్లు పిలిచిన పేరే. నోరు తెరిచాడు. రాలేదు. ఊరంతా వినిపించే ఆ గొంతు ఎక్కడికి పోయిందో, గాలి తప్ప ఏమీ రాలేదు. ఏమీ అనలేక, చేతులు రెండు వైపులా వేలాడేసుకుని, దారి మధ్యలో అలా నిలబడిపోయాడు.

రాజ్యం తల ఎత్తి చూసింది. ఆ మొహం వంక చాలాసేపు చూసింది. కల్వర్టు దిగింది. ఒక అడుగు వేసి ఆగింది. తర్వాత వచ్చేసింది.

కళ్లానికి చేరేసరికి దూడలు తాగడం అయిపోయింది. నూకరత్నం గుమ్మంలో నిలబడి, ఆనందం పట్టలేక ఎవరికీ అర్థంకాని మాటలేవో అంటోంది. తల్లీ కూతుళ్లు అరుగు మీద కూర్చున్నారు. కృపారావు ఎక్కడ నిలబడాలో తెలియక దడి దగ్గరికి వెళ్లాడు. వంగి నాలుగో సందు కర్రను కదిపి చూశాడు. అది కిర్రుమంది.

"ఈ మేకు ఇంకా అలాగే ఉందేటి అత్తా? ఆ రోజు సీకటడిపోయి వంకరగా కొట్టేసేను. మళ్లీ వచ్చి సరిసేద్దామంటే మావ బెల్లం పని అయిపోయి వచ్చేసేరన్నావు. సుత్తుంటే ఇయ్యి, ఒక్క నిమిషం."

అరుగు మీద సన్యాసమ్మ ఆకుపచ్చ గుడ్డ కిందికి లాక్కుంది.

బంగార్రాజు దడిని చూశాడు. ఒక్కొక్క కర్రనూ, ఒక్కొక్క ఉచ్చునూ చూశాడు. దేవరాపల్లి నుంచి చూడవచ్చిన రైతులకు అతను ఈ దడి పక్కన నిలబడి ఏమేం చెప్పాడో అన్నీ ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. మెల్లగా లోపలికి వెళ్లి, పనిముట్ల మూల వెతికి, సుత్తి తెచ్చాడు. 

"ఇదిగో, కృపారావూ" అన్నాడు, పక్కవాడికి మాత్రమే వినిపించేలా. సుత్తి చేతికిచ్చి, అతను మేకు కొట్టేదాకా వంగి కర్ర పట్టుకున్నాడు.